కొండ మీద దిట్టం, ఇంట్లో అంచనా

తిరుమల లడ్డూకి ఒక లెక్క ఉంది. దాన్ని దిట్టం అంటారు. చాలాకాలంగా చెప్పుకునే ఆ లెక్క ప్రకారం 5,100 లడ్లకు చక్కెర 400 కిలోలు, సెనగపిండి 180, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, ఏలకులు 4. మొత్తం 803 కిలోల సరుకు. పోటులో, అంటే ఆలయ వంటశాలలో, పనిచేసే మనిషికి ఆ పూట ఏలకులు ఇంకో గుప్పెడు పడితే బాగుండుననిపించినా చెయ్యి కదలకూడదు. పదేళ్ల కిందట తిన్నవాడికీ నిన్న తిన్నవాడికీ ఒకే రుచి తగలాలి. 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కాబట్టి ఆ పేరుతో ఇంకొకరు లడ్డూ చేసి అమ్ముకోవడానికి వీల్లేదు.

కొండ దిగి తిరుపతిలోని కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఏ ఇంటి వంటగదిలోకి తొంగిచూసినా ఈ దిట్టం కనిపించదు. ఉప్పు ఎంత అంటే చాలినంత. చారులో బెల్లం ఎంత అంటే రవ్వంత. చింతపండు నిమ్మకాయంత, ఏ సైజు నిమ్మకాయో ఎవరూ చెప్పరు. ఒకే ఆవిడ, ఒకే గిన్నె, ఒకే పొయ్యి, అయినా సోమవారం చారు గురువారం చారులా ఉండదు. ఇది లోపమని చాలామంది అనుకుంటారు. గ్రాములతో సహా కొలతలు చెప్పే యూట్యూబ్ వీడియోలకు అంత గిరాకీ అందుకే. కానీ రోజూ వండే మనిషికి వంటలో ఏమైనా సంతోషం దొరుకుతుందంటే అది ఎక్కువగా ఈ తేడాలోనే దొరుకుతుంది. కొలత లేనిచోట నిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయం తన చేతిలో ఉన్నంతసేపు వంట బరువనిపించదు. అది చేజారిన ఇంట్లో అదే వంట, అదే కూర, వట్టి చాకిరీ అయిపోతుంది. వంట ధ్యానంలాంటిదనీ, టెన్షన్ పోగొడుతుందనీ ఊరికే అనేయడం తేలిక. ఆ నిర్ణయాలు ఎక్కడెక్కడ ఉంటాయో, ఎక్కడ పోతాయో చూస్తే తప్ప అసలు సంగతి బోధపడదు.

అలాగని కొండ మీద ఇంటివంటకు చోటు లేదనుకోనక్కర్లేదు. రోజూ గర్భగుడి గడప అయిన కులశేఖర పడి దాటి స్వామి ముందుకు వెళ్లే నైవేద్యం పగిలిన మట్టికుండలో పెట్టిన పెరుగన్నం ఒక్కటేనని సంప్రదాయం చెబుతుంది. లడ్డూలు, వడలు, పులిహోర అన్నీ గడప ఇవతలే ఆగిపోతాయట.

తెడ్డు బరువు

రాగి సంగటి సంగతే చూడండి. వినడానికి రెండే వస్తువులు, బియ్యం, రాగిపిండి. నూకలైనా సరే. బియ్యాన్ని ఎక్కువ నీళ్లలో బాగా మెత్తగా ఉడకనిచ్చి, ఆ ఎసట్లో రాగిపిండిని కుప్పగా పోస్తారు. వెంటనే కలపరు. తెడ్డు కొసతో కుప్ప మధ్యలో ఒక బొక్క పెడితే ఎసరు అందులోంచి బుడబుడమని పైకి ఉబుకుతూ పిండిని లోపలినుంచి ఉడికిస్తుంది. సెగ తగ్గించి, మూతపెట్టి, పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేసి, తర్వాత దించి, గిన్నె కదలకుండా పట్టుకుని తెడ్డుతో కెలుకుతారు.

ఇంత తతంగం ఎందుకంటే, గోధుమపిండిలో ఉండే సాగే గుణం రాగిపిండికి లేదు. పిండిపదార్థం నీళ్లు తాగి ఉడికి చిక్కబడితేనే అది ముద్ద కడుతుంది. పొడిపిండిని మరిగే నీళ్లలో వేసి గబగబా తిప్పేస్తే ప్రతి పిండిగడ్డకూ పైపొర ముందు ఉడికి బిగుసుకుపోతుంది. ఇక నీళ్లు లోపలికి పోవు. పచ్చిపిండి పచ్చిగానే మిగిలిపోతుంది. ఉండలు కట్టిందని అంటామే, జరిగేది అదే.

ఈ పద్ధతంతా రాసిపెట్టుకోవచ్చు. రాసుకోలేనివి కొన్ని ఉన్నాయి. పాతబియ్యమైతే నీళ్లు ఎక్కువ తాగుతాయి. పిండి మిల్లులో ఎంత మెత్తగా ఆడించారనేదాన్ని బట్టి సంగటి గట్టిదనం మారుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు కెలకబోయే ముందు ఎసరు ఒక గరిటెడు తీసి పక్కన పెట్టుకుంటారు. తెడ్డు మరీ బరువెక్కిందనిపిస్తే ఆ గరిటెడూ మళ్లీ పోస్తారు. తెడ్డు తేలిగ్గా తిరుగుతుంటే పోయరు. ఉడికిందో లేదో గడియారం చూసి చెప్పరు. తడిచేత్తో తాకి చూస్తారు. వేలికి అంటుకోకపోతే అయిపోయినట్టు. పట్టుమని పావుగంట పనిలో ఇలాంటి తీర్పులు నాలుగైదు. ఒక్కోదాని ఫలితం నిమిషంలో తెలిసిపోతుంది.

మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వవేత్త 1970లలో చదరంగం ఆడేవాళ్లనూ, కొండరాళ్లు ఎక్కేవాళ్లనూ, శస్త్రచికిత్సలు చేసే డాక్టర్లనూ పరిశీలించి, పనిలో మనిషి ఒళ్లు మరిచిపోవడానికి ఏవేం కుదరాలో చెప్పాడు. ఏం చేయాలో స్పష్టంగా తెలిసి ఉండాలి. చేస్తున్నది సరిగ్గా ఉందో లేదో అప్పటికప్పుడు తెలుస్తుండాలి. పని మరీ తేలికా కాకూడదు, చేతకానంత కష్టమూ కాకూడదు. సంగటిలో మూడూ ఉన్నాయి. ఆఫీసులో ఏడాదంతా చేసిన పని బాగుందో లేదో మార్చిలో వచ్చే అప్రైజల్ దాకా తెలియదు. ఇక్కడ తెడ్డే చెప్పేస్తుంది. అయితే నలభై ఏళ్లుగా పొద్దునా సాయంత్రం సంగటి కెలుకుతున్న పల్లెటూరి అవ్వ దగ్గర ఈ సిద్ధాంతం చెబితే ఆమె భుజం చూపించి, ముందు ఈ నొప్పికి మందు చెప్పమంటుంది. ఆమె మాటా నిజమే. ఆ విషయం ముందు ముందు వస్తుంది.

సంగటికి తోడు ఊరుబిండి అనే పచ్చడి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు, ఉప్పు. ఇందులో ఉన్నది ఒకే ఒక్క నిర్ణయం, ఎప్పుడు ఆపాలనేది. రోట్లో అయితే పలుకు చేతికి తెలుస్తుంది కాబట్టి ఆపడం సులువు. మిక్సీలో ఒక్క తిప్పు ఎక్కువైతే చెనక్కాయల్లోంచి నూనె బయటికొచ్చి పేస్టు అయిపోతుంది. ఎర్రగడ్డ చివర్లో వేసి కచ్చాపచ్చాగా నలగ్గొడతారు. మిక్సీ వాడటం తప్పని కాదు. తెరిచి చూసుకుంటూ ఆగి ఆగి తిప్పే ఓపిక ఉంటే మిక్సీలో కూడా మంచి ఊరుబిండి వస్తుంది.

మిగిలింది, దొరికింది

కొత్త వంటకం చేయడమే వంటలో సృజన అనుకోవడం ఈమధ్య బాగా పాతుకుపోయింది. పనీర్ పెట్టి పొంగణాలు, చాక్లెట్ పోసిన దోసె. ఫోటోకి బాగుంటాయి. ఇళ్లలో రోజూ నడిచే తెలివి వేరు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున ఏం చేయాలన్న దగ్గర అది బయటపడుతుంది. నిమ్మకాయ ఉంటే చిత్రాన్నం. చింతపండు పులుసు కాచిపెట్టింది ఉంటే పులిహోర. రెండూ లేకపోతే ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, గుప్పెడు చెనక్కాయలతో ఒక తిరగవాత. ముందుగానే తెలిసి మజ్జిగ పోసి ఉంచితే సద్దన్నం. సంగటి మిగిలితే మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగేయడమే. దోసెపిండి పులిసిపోతే అల్లం, పచ్చిమిరపకాయ, కరివేపాకు దట్టించి గుంతపొంగణాలు పోస్తారు. ఆ పులుపే వాటికి రుచి.

పిండి పులియడం కూడా లెక్కకు లొంగని వ్యవహారమే. ఎండాకాలం తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో రాత్రి రుబ్బి బయట పెట్టిన పిండి తెల్లారేసరికి గిన్నె దాటి గట్టు మీదికి వచ్చేస్తుంది. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులు వేడికి తొందరగా పెరుగుతాయి. ధనుర్మాసపు చలిలో అదే పిండి ఎనిమిదైనా లేవదు. అందుకని ఎండాకాలంలో పొద్దుపోయాక రుబ్బుతారు, కాస్త పొంగగానే ఫ్రిజ్‌లో తోస్తారు. చలికాలంలో పొయ్యి పక్కన పెడతారు, దుప్పటి కప్పేవాళ్లూ ఉన్నారు. పుస్తకంలో 'ఎనిమిది గంటలు పులియబెట్టండి' అని రాసినవాడు ఏ ఊళ్లో, ఏ నెలలో రాశాడో తెలియకుండా ఆ మాట పట్టుకుంటే ఇడ్లీ రాయి అవుతుంది.

చేతిలో ఉన్నది తక్కువైనప్పుడు బుర్ర ఎక్కువ పనిచేస్తుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 రూపాయల దాకా పోయింది. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో అదొకటి. చుట్టుపక్కల ఊళ్లన్నీ టమాటా పండించేవే, అయినా ఇళ్లలో టమాటా మాయమైపోయింది. చారులో చింతపండు పెరిగింది. పప్పులోకి మామిడి ఒరుగులు దిగాయి. పచ్చడికి చింతచిగురు, గోంగూర ఉండనే ఉన్నాయి. టమాటా రాకముందు ఈ ప్రాంతపు పులుపులన్నీ ఇవే కదా. ధర దిగి కిలో పది రూపాయలకు పడిపోయిన వారాల్లో కథ తిరగబడుతుంది. బుట్టలకొద్దీ టమాటాలు ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, మిద్దెల మీద ఎండబెట్టి ఊరగాయ వేస్తారు. ఇవాళ ఏం వండాలో మార్కెట్ సగం తేల్చేస్తే, మిగతా సగం తేల్చడం తేలికవుతుంది, సరదాగానూ ఉంటుంది. ఏదైనా చేసుకోవచ్చనే పూర్తి స్వేచ్ఛ ఉన్న రోజే చాలామంది ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని పది నిమిషాలు నిలబడిపోతారు.

ఇలాంటి చిన్నచిన్న పనులు మనసు మీద నిజంగా ఏమైనా ప్రభావం చూపుతాయా అని న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన తామ్లిన్ కానర్ బృందం పరిశీలించింది. 658 మంది యువతీయువకులు 13 రోజులపాటు రోజూ డైరీ నింపారు. ఆ రోజు ఎంత సృజనాత్మకంగా గడిపారు, మనసు ఎలా ఉంది అనేవి అందులో ప్రశ్నలు. వాళ్లు చెప్పిన పనుల్లో పాటలు కట్టడం, అల్లికలతోపాటు సొంతంగా కొత్త వంటలు చేయడమూ ఉంది. మామూలుకన్నా ఎక్కువ సృజనాత్మకంగా గడిపిన రోజుకు మర్నాడు వాళ్లలో ఉత్సాహం ఎక్కువగా కనిపించింది. తిరగేసి చూస్తే మాత్రం అలా రాలేదు. అంటే, ఇవాళ హుషారుగా ఉన్నంతమాత్రాన రేపు ఏదో ఒకటి చేస్తారని చెప్పలేకపోయారు. మూడ్ బాగుంటే చేద్దాంలే అని కూర్చునే మనస్తత్వానికి ఇది కాస్త ఎదురు. అయితే వాళ్లంతా కుర్రకారు, చెప్పింది తమ గురించి తామే. ఇద్దరు పిల్లలు, అత్తమామలు ఉన్న ఇంటి వంటగదికి దీన్ని యథాతథంగా అంటగట్టడం కుదరదు.

చలికాలం మొదలయ్యేసరికి చిత్తూరు వైపు అనపకాయలు వస్తాయి. గింజలు ఒలిచి రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తొక్కు చేతిలో ఉండిపోయి పప్పు చటుక్కున గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. నలుగురు తినే కూరకు గంటకు పైగా పితకాలి. ఇందులో నిర్ణయమూ లేదు, సృజనా లేదు, వేళ్లు నొప్పి తప్ప. అయినా ఇంట్లో ఎవరూ విసుక్కోని పని ఇదొక్కటే కావచ్చు. ఎందుకంటే ఒంటరిగా చేయరు. నలుగురూ గిన్నె చుట్టూ చేరి, చేతులు పితుకుతుంటే నోళ్లు ఊరి కబుర్లన్నీ తిరగేస్తాయి. వంటలో సంతోషమంతా వంటదే కాదు, కొంత కూర్చున్న మనుషులది. ఇప్పుడు పితికిన పప్పును కవర్లలో అమ్ముతున్నారు. కొనేవాళ్లను తప్పుపట్టాల్సిన పనిలేదు. పితకడానికి ఇంట్లో నలుగురు ఉండాలి కదా.

వంటింటి సరుకుతో బొమ్మ

సృజన అనగానే గుర్తొచ్చే కళ ఒకటి తిరుపతికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ. ఆ కళకు కావలసిన సామాన్లు చూస్తే సగం వంటింట్లోవే. నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకిపోకుండా గీసినచోటే నిలుస్తుంది. తొలి గీతలకు కాల్చిన చింతపుల్లల బొగ్గు. నల్లరంగుకు తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండుమూడు వారాలు ఊరబెడతారు. బెల్లం పులిసి ఇనుమును కరిగిస్తుంది. ఆ నీళ్లలో ముంచిన వెదురు కలంతో గుడ్డ మీద గీస్తే కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి గీత నల్లగా తేలుతుంది. అరటికాయ తరిగినప్పుడు కత్తిపీటా వేళ్లూ నల్లబడేదీ ఆ వగరు వల్లే. ఎర్రరంగు పట్టడానికి పటిక, ఉతకడానికి స్వర్ణముఖి నీళ్లు.

1950ల చివర్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలవకపోయి ఉంటే ఈ కళ ఏమయ్యేదో. తర్వాత భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2008లో జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి పద్మశ్రీ వచ్చింది. రావలసిందే. పాలు, బెల్లం, చింతపుల్లలు గుడ్డ మీదికి ఎక్కితే కళ అయ్యాయి. అవే చట్టిలోకి దిగితే పని అయ్యాయి. తేడా ఎక్కడుందంటే గుడ్డ నిలుస్తుంది, కూర నిలవదు. నిలిచినదానికి ధర కట్టొచ్చు, గోడకు తగిలించొచ్చు, బహుమతి ఇవ్వొచ్చు. పొద్దున ఏడింటికి వేసిన చుక్కల ముగ్గు మీదనుంచి ఏడున్నరకు పాలవాడి బండి పోతుంది. మధ్యాహ్నం చేసిన పుల్లగూర సాయంత్రానికి ఉండదు. జేమ్స్ కౌఫ్‌మన్, రొనాల్డ్ బెగెటో అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 2009లో సృజనను నాలుగు మెట్లుగా విడదీసి, మహామహుల సృష్టితోపాటు రోజువారీ చిన్న సృజనకూ, నేర్చుకునేవాడికి మాత్రమే కొత్తగా తోచేదానికీ చోటిచ్చారు. మెట్లు అనడంలోనే ఒకటి కింద, ఒకటి పైన అనే ధోరణి కొంత వచ్చేస్తుంది. కూర మిగలకపోవడం ఒక రకంగా మేలే. ఇవాళ చెడిపోతే రేపు మళ్లీ కొత్తగా మొదలుపెట్టొచ్చు, పాత తప్పు గోడ మీద వేలాడదు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే తిరుపతిలో ఈ సృజన వీధికెక్కుతుంది. నామంకొమ్ము పూసుకుని బైరాగి వేషం, కుంకుమ పూసుకుని బండ వేషం, బొగ్గుపొడి పూసుకుని తోటి వేషం. మగవాళ్లు చీరలు కట్టుకుని జడలు వేసుకుంటారు. వాళ్లెవరూ నటులు కారు. మామూలు రోజుల్లో కొట్లలో, ఆఫీసుల్లో పనిచేసే మనుషులే. ఆ వారంలో ఎవరేమనుకుంటారోనన్న బెదురు ఉండదు, అదే తేడా. ఇళ్లలో అంబలి కాస్తారు, పొంగళ్లు పెడతారు.

ఎవరి నిర్ణయం?

ఇప్పుడు ఆ అవ్వ భుజం నొప్పి దగ్గరికి రావాలి. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా మనుషులు రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. ఇంట్లో జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు 81.2 శాతం, మగవాళ్లు 26.1 శాతం. చేసేవాళ్లను మాత్రమే లెక్కేసినా ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు ఒకవైపు, గంటన్నర ఇంకోవైపు. వంటలో సంతోషం వెతుక్కోమనే సలహా ఎప్పుడూ ఆ ఐదు గంటలవాళ్లకే వినిపిస్తుంది. ఆ సలహా ఇచ్చేవాళ్లు చాలాసార్లు కూర కలుపుకుంటూ ఇస్తారు.

నచ్చి చేసినదానికీ తప్పక చేసినదానికీ మనసుకు చాలా తేడా ఉందని ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వవేత్తలు దశాబ్దాలపాటు చెప్పారు. చెప్పకపోయినా తెలిసిందే. ఆదివారం అల్లుడు వస్తే సరదాగా మసాలా నూరిన మనిషే, బుధవారం ఆరింటికి నాలుగు రకాల క్యారేజీలు కడుతూ గిన్నెలు ఎత్తేస్తుంది. ఒకరికి కారం వద్దు, ఒకరికి వంకాయ పడదు, ఒకరికి సంగటి తప్ప వద్దు, ఒకరికి సంగటే వద్దు. అందరి ఇష్టాలూ తీర్చాక వండేవాళ్ల ఇష్టానికి మిగిలేది గిన్నె అడుగే. పైగా 'ఇవాళ ఏం కూర?' అనే ప్రశ్న ఒకటి. పైకి అది నిర్ణయం చేతికి ఇచ్చినట్టే ఉంటుంది. నిజానికి జవాబు చెప్పగానే 'మళ్లీ అదేనా' అనే మాట సిద్ధంగా ఉంటుంది. నింద తనది, ఎంపిక ఇతరులది అయినచోట ఏ పనిలోనూ సరదా పుట్టదు.

కాబట్టి వంటింట్లో ఆనందం పెంచడానికి కొత్త రెసిపీలకన్నా ఈ లెక్క సరిచేయడం ముఖ్యం. వారంలో రెండు పూటలు వంట ఇంకొకరిది అయితే, మిగతా పూటల్లో వండే చెయ్యి మళ్లీ ప్రయోగాలకు దిగుతుంది. పెట్టినది మాట్లాడకుండా తినే రోజు ఒకటి ఉంటే కూడా చాలు. మగవాళ్లకు వంట రాదనే మాట ఇక్కడ అసలు నిలవదు. తిరుమల పోటులో వండేది మగవాళ్లే. చిత్తూరు పల్లెల్లో పెళ్లికి, పెద్దకర్మకు రెండు మూడు వందలమందికి గుండిగలు దించే వంటమాస్టర్లూ మగవాళ్లే ఎక్కువ. కూలి ఉన్నచోట, పేరు ఉన్నచోట తెడ్డు వాళ్ల చేతిలో ఉంటుంది. ఇంటికొచ్చేసరికి అది చేతులు మారుతుంది.

ఈ పద్ధతి కొంత సడలేది అద్దె గదుల్లో. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చిన దగ్గర్నుంచి తిరుపతి చదువుకునే పిల్లల ఊరు. ముగ్గురు కుర్రాళ్లు, ఒక గది, ఒక కరెంటు పొయ్యి, ఒక కుక్కరు. అన్నం అడుగంటుతుంది, పప్పులో ఉప్పు ఎక్కువవుతుంది, అయినా హోటల్ భోజనం కన్నా బాగుందని ఒట్టేసి చెబుతారు. ఇది గొప్పలు పోవడం మాత్రమే కాదు. 2012లో మైకేల్ నార్టన్ తదితరులు ప్రచురించిన పరిశోధనలో, తాము మడిచిన కాగితపు బొమ్మలకు జనం నిపుణులు మడిచిన వాటికి కట్టినంత విలువ దాదాపుగా కట్టారు. సొంత చేత్తో చేసినది మనకు ఎక్కువగా కనిపిస్తుంది. ఒక షరతు ఉంది. పని పూర్తి కావాలి. మధ్యలో ఆగిపోయిన వస్తువుకు ఆ మోజు ఉండదు. గదుల్లో వంట మొదలుపెట్టే కుర్రాళ్లు నాలుగు రోజుల్లో మానేయడానికి చాలాసార్లు కారణం ఇదే. మొదటిరోజే బిర్యానీకి దిగుతారు. అది దారిలోనే చెడిపోతుంది. చారుతో మొదలుపెట్టినవాళ్లు నిలబడతారు.

చదువైపోయాక ఆ పిల్లలే బెంగళూరుకో చెన్నైకో వెళతారు. చిత్తూరునుంచి రెండూ మూడు నాలుగు గంటల దూరమే, కానీ సంగటి తినాలనిపించిన రాత్రి అదీ దూరమే. అప్పుడు వీడియో కాల్ చేస్తారు. "మెంతులు ఎంతసేపు వేయించాల మా?" "వాసనొస్తాది గదా, అప్పుడు దించెయ్ నాయనా." ఫోన్‌లో రంగు కనిపిస్తుంది, చిటపట వినిపిస్తుంది, వాసన మాత్రం రాదు. అమ్మ దాచి చెప్పకపోవడం కాదు. ముప్పై ఏళ్లుగా ముక్కుతో తెలుసుకున్నదాన్ని ఆమె ఎన్నడూ నిమిషాల్లో కొలవలేదు, కొలవాల్సిన అవసరమూ రాలేదు. 'ఎన్ని నిమిషాలు' అని గట్టిగా అడిగితే ఏదో ఒక అంకె చెబుతుంది. ఆ అంకె నమ్మినవాడి మెంతులు మాడి చేదెక్కుతాయి, ఎందుకంటే అక్కడి పొయ్యి వేరు, మూకుడు వేరు.

రెండోసారి వాడు ఫోన్ పక్కన పెట్టి ముక్కు పెడతాడు. స్టీలు గ్లాసుతో సొంత కొలత ఒకటి ఏర్పడుతుంది. రూమ్మేట్ గుంటూరువాడైతే కారం పెరుగుతుంది. తమిళమ్మాయిని చేసుకుంటే సాంబారు పొడి వచ్చి చేరుతుంది. చెనక్కాయ నూనె ఖరీదని ఇంకేదో నూనె వస్తుంది. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ పప్పుకూ చిత్తూరులో అమ్మ చేసే పప్పుకూ పోలిక తెల్లగడ్డ దగ్గర తప్ప ఇంకెక్కడా మిగలదు. ఇంటికొచ్చిన స్నేహితులకు వడ్డించేటప్పుడు మాత్రం అది మా అమ్మ పప్పనే చెబుతాడు.